తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే తామరకు పూత మందు ఎలా వాడాలి

గజ్జల్లోనో, నడుముకు బట్ట బిగిసే చోటో గుండ్రటి మచ్చ లేచి, అంచు ఎర్రగా పొలుసులు కట్టి, నడిమి భాగం కాస్త నయమైనట్టు కనిపిస్తే అది చాలావరకు తామరే, అంటే చర్మానికి పట్టే ఫంగస్ జబ్బు.

మందు రాసే ముందు ట్యూబు మీది పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. అది పూస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఫంగస్ మాత్రం చావదు. ఒంటికున్న ఎదురుదాడిని స్టెరాయిడ్ అణిచేయడంతో తామర లోలోపల పాకుతుంది. గుండ్రటి ఆకారం చెదిరి, డాక్టరు కూడా పోల్చుకోలేని రూపం తీసుకుంటుంది. తొడల మీద చర్మం పలచబడి పడే చారలు ఆ తర్వాత పోవు. షాపులో అడిగి తెచ్చుకునే "అన్నిటికీ పనిచేసే" క్రీముతోనే చాలామందికి జబ్బు ముదురుతోంది.

ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము తీసుకోండి. క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, లులికొనజోల్ అయితే ఒక్కసారి చాలు. స్నానం చేసి, ఆ చోటుకు విడిగా పెట్టుకున్న తువ్వాలుతో పూర్తిగా తడి ఆర్పాలి. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన మందు రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మచ్చ చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మానికీ పట్టించాలి, ఎందుకంటే ఫంగస్ పెరిగేది అంచు దగ్గరే. మచ్చ మాయమయ్యాక ఇంకో రెండు వారాలు రాయండి. చాలామంది ఆపేసేది సరిగ్గా ఇక్కడే.

వెల్లుల్లి, యాసిడ్ లాంటివి పూయకండి, చర్మం కాలిపోతుంది.

మొలతాడు ఉంటే తీసేయండి, చెమటనీ ఫంగస్‌నీ పట్టి ఉంచేది అదే. లోదుస్తులు రోజూ మార్చి, వేడి నీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. ఇంట్లో ఇంకెవరికి దురద ఉన్నా వాళ్లకీ అదే సమయంలో వైద్యం జరగాలి. లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు వారాలకీ తగ్గకపోయినా, ఒళ్లంతా పాకినా, తలలోనో గోళ్లకో వచ్చినా, షుగరు ఉన్నా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పొలుసు గీకి, ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష చేస్తారు. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ చాలాసార్లు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగడం లేదు. అందుకని ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు క్యాప్సూల్స్‌ను డాక్టరు వారాల తరబడి మింగడానికి రాసివ్వాల్సి వస్తుంది. వాటిని అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు వాడుతుంటే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు. గుండె, కాలేయ సమస్యలున్నా, గర్భం ఉన్నా ముందే డాక్టరుకు చెప్పాలి.