యుద్ధ విమానాలు ఎన్నాళ్లు ఎగరగలవు? లెక్క వేయడం ఎలా

రెండు పెద్ద దేశాల మధ్య గగనతల యుద్ధం అనగానే చాలామంది విమానాల సంఖ్యలు పక్కపక్కన రాసి, ఎక్కువున్న వాడిదే గెలుపని తేల్చేస్తారు. అది లెక్కే కాదు. ఎవరి దగ్గర ఏ సరుకు ముందు అయిపోతుందో చూడాలి.

గళ్ల కాగితం, పెన్సిలు, రోడ్డు మ్యాపు చాలు. దేశం మొత్తానికి ఒకేసారి వేయకూడదు. ఒక్క రన్‌వే, ఒక్క స్క్వాడ్రన్ (ఒకే దళంగా పనిచేసే విమానాలు) తీసుకోండి. గన్నవరంలో 18 సుఖోయ్-30లు దిగాయనుకుందాం.

మొదట, ఎగిరేవెన్ని? మూడింట రెండు వంతులు, అంటే 12. మిగతావి మరమ్మతులోనో తనిఖీలోనో ఉంటాయి.

తర్వాతది రోజుకు ఎన్ని సోర్టీలన్నది. ఒక విమానం ఒకసారి లేచి దిగితే ఒక సోర్టీ. లెక్క చెడేది ఇక్కడే. సోర్టీకి రెండు గంటలు, రోజుకు ఇరవై నాలుగు గంటలు కాబట్టి పది దాకా తీయొచ్చని రాసేస్తారు. విమానం దిగాక ఎంత పనుందో చూడండి. ఇంధనం పట్టాలి, టైర్లు, బ్రేకులు చూడాలి, విప్పిన బ్రేక్ పారాచూట్ స్థానంలో ఇంకోటి పెట్టాలి, క్షిపణులు తగిలించాలి, పైలట్ వెళ్లొచ్చిన సంగతి చెప్పి తర్వాతి పని వినాలి. మొదటి మూడు రోజులు సిబ్బంది నిద్ర మానుకుని విమానానికి నాలుగు తీస్తారనుకోండి. నాలుగో రోజు నుంచి రెండే రాయండి. సగటు మాత్రం వేయకండి, రోజుకో గడి చొప్పున నింపండి. ఎక్సెల్‌లో సగటు పెట్టి కిందికి లాగేస్తే అలసట కనపడదు.

1991 గల్ఫ్ యుద్ధపు సోర్టీల రేటు తెచ్చి అతికించడం ఇంకా పెద్ద తప్పు. అమెరికా, మిత్రదేశాలు 1990 ఆగస్టు నుంచి ఐదు నెలలపాటు సౌదీ ఓడరేవుల్లో నిబ్బరంగా సరుకు దించుకున్నాయి. సమ ఉజ్జీ శత్రువు ఆ గడువు ఇవ్వడు, ముందు ఓడరేవునే కొడతాడు.

రన్‌వే దెబ్బతింటే కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద విమానాలు దిగే 4.1 కిలోమీటర్ల స్ట్రిప్ ఉందిగా అంటారు. ఉంది, 2022 డిసెంబరులో వాయుసేన దాన్ని పరీక్షించింది కూడా. కానీ అక్కడ దొరికేది దిగడానికి చోటు మాత్రమే. ఇంధనం, ఆయుధాలు, మెకానిక్కులు విజయవాడ నుంచి రోడ్డునే రావాలి. ప్రకాశం బ్యారేజీ మీద భారీ వాహనాలకు అనుమతి లేదు, ప్రధానంగా కనకదుర్గ వారధి మీదుగానే కృష్ణ దాటాలి. అందుకే స్ట్రిప్‌కి మారిన రోజు నుంచి సోర్టీలు సగం చేయాల్సిందే.

ఇంధనం తేలిక. సుఖోయ్ సొంత ట్యాంకుల్లో సుమారు 9,600 కిలోలు పడుతుంది, అంటే 12 వేల లీటర్లు, ఒక లారీ ట్యాంకర్ నిండా. రోజుకు 24 సోర్టీలైతే 24 లారీలు, మొదటి మూడు రోజులు 48.

ఇంజన్లను మరిచిపోకండి. రెండు గంటల సోర్టీలు 24 అంటే, విమానానికి రెండేసి ఇంజన్లు కాబట్టి 96 ఇంజన్ గంటలు. ఈ ఇంజన్‌కి వెయ్యి గంటలకోసారి ఓవర్‌హాల్ చేయాలి, అంటే పూర్తిగా విప్పి బాగుచేయాలి. పది రోజులకో ఇంజన్ దీంతోనే ఓవర్‌హాల్‌కి పోతుంది, పక్షి తగిలినవి, చెడిపోయినవి వేరు.

ఇక క్షిపణులు. సోర్టీకి ఒకటి పేలుస్తారనుకుంటే రోజుకు 24, గోదాములో 500 ఉంటే మూడు వారాల్లోపే ఖాళీ. పేల్చకుండా తిరిగొచ్చిన వాటినీ తీసివేతలో చేర్చండి, రెక్క కింద కుదుపులకు వాటి ఆయుష్షూ తరుగుతుంది. నేను వాటిలో పదో వంతు కొట్టేస్తాను, మీరూ అంతే కొట్టేయండి. కొత్తవి ఆర్డరిస్తే చేతికి రావడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది కాబట్టి రాబడి గడిలో సున్నా రాయండి.

ఇంధనం, ఇంజన్లు, క్షిపణుల వరుసల్లో ఏది ముందు సున్నాకి వస్తే అక్కడ అడ్డగీత గీయండి. తర్వాత వారధి తెగిందనుకుని మొత్తం మళ్లీ వేయండి.