108 ఈఎంటీల అనుభవానికి ధ్రువపత్రం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి దరఖాస్తు విధానం

ఒడిశా గజపతి జిల్లాలోని గుమ్మ కొండదారిలో, కదులుతున్న అంబులెన్సులోనే కాన్పు చేసి, తల్లీబిడ్డలను క్షేమంగా పర్లాకిమిడి ఆసుపత్రికి చేర్చగల ఈఎంటీకి (అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులకు) పని వచ్చా రాదా అని అడగవలసిన అవసరం లేదు. అయినా పై స్థాయి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ముందుగా అడిగేది కాగితమే. పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) అంటారు. ఇది కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఒక భాగం.

స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, ఆధార్ ద్వారా ఈ-కేవైసీ (ఆన్‌లైన్ గుర్తింపు ధ్రువీకరణ) పూర్తి చేయాలి. ఆధార్‌కు అనుసంధానమైన నంబరు మీ చేతిలోని ఫోన్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. ఆరోగ్య రంగంలో ఈఎంటీ కోర్సుకు సంబంధించిన ఆర్‌పీఎల్ బ్యాచ్ ఎక్కడ నడుస్తోందో చూసి పేరు నమోదు చేసుకోవాలి. కొద్దిపాటి అవగాహన తరగతుల తరువాత మూల్యాంకనం ఉంటుంది. ప్రశ్నలు ఏ భాషలో ఇస్తారో నమోదు సమయంలోనే అడిగి తెలుసుకోవడం మంచిది. ఒడియా మాట్లాడడం వచ్చినా చదవడం అలవాటు లేనివారు మనలో చాలామంది ఉన్నారు.

నేను దరఖాస్తులు నింపిపెట్టిన వారిలో ఎక్కువమందికి చిక్కు వచ్చింది పేరు దగ్గరే. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడి బడుల్లో దాన్ని చివరకు మారుస్తారు, ఆధార్‌లో ఒక్కొక్కసారి పొడి అక్షరమే మిగులుతుంది. పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్టే ఆధార్‌లోనూ పేరు ఉండేలా ముందే సరిచేయించుకోవాలి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో 2 సార్లే అవకాశం ఉంటుంది కనుక, ప్రతి అక్షరాన్నీ సరిచూసుకున్న తరువాతే సంతకం చేయండి.

సేవా పత్రం విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. 108 నిర్వహణ కాంట్రాక్టు చేతులు మారితే పాత సంస్థ నుంచి పత్రం రాబట్టడం కష్టమవుతుంది. చేరిన తేదీ, హోదా, పనిచేసిన స్థావరం స్పష్టంగా ఉన్న పత్రాన్ని, సంతకం, ముద్రలతో, కొలువులో ఉండగానే అడిగి తీసుకోండి.

అయితే ఆర్‌పీఎల్ ధ్రువపత్రం డిప్లొమాకు గానీ డిగ్రీకి గానీ సమానం కాదు. అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులను కూడా తన పరిధిలోకి తెచ్చిన 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం, అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు అనిపించుకోవడానికి కనీసం 2,000 గంటల చదువు, అదీ 2 నుంచి 4 సంవత్సరాల్లో, పూర్తి చేసి ఉండాలి. కాబట్టి ఇంటర్ చదివి ఉన్న యువకులు, యువతులు ఈ ధ్రువపత్రంతో ఆగిపోకుండా కళాశాలల ప్రవేశ ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండాలి. సరిచేయించుకున్న పేరు అక్కడి దరఖాస్తుకూ అక్కరకు వస్తుంది.