ఊళ్లు మారిన బాస్కెట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయాలంటే

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో పుట్టిన ఊరినే అంటిపెట్టుకుని ఉన్న పాత క్లబ్బులు చాలా తక్కువ. మిగతావన్నీ ఊరో, పేరో, లీగో మారినవే. అందుకే వాటి చరిత్ర రాసేటప్పుడు తేదీలు తారుమారవుతాయి, ఒకరి రికార్డు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఈ చిక్కులన్నీ ఒక్కచోట దొరికే క్లబ్బు శాక్రమెంటో కింగ్స్. దాన్ని ఉదాహరణగా పెట్టుకుని పద్ధతి చెబుతాం. ఇది పట్టుబడితే ఇంకే క్లబ్బు చరిత్రైనా రాయగలరు.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది: మీరు వెంబడిస్తున్నది ఊరినా, పేరునా, ఫ్రాంచైజీనా? చరిత్ర నడవాల్సింది ఫ్రాంచైజీ వెంట, అంటే లీగులో ఆ క్లబ్బుకున్న సభ్యత్వం వెంట. రోచెస్టర్ రాయల్స్, సిన్సినాటి రాయల్స్, కాన్సస్ సిటీ కింగ్స్, శాక్రమెంటో కింగ్స్ నాలుగు జట్లు కావు, ఒకే క్లబ్బు. కాన్సస్ సిటీ రాయల్స్ మాత్రం బేస్‌బాల్ జట్టు, దీంతో సంబంధం లేదు. బాస్కెట్‌బాల్ క్లబ్బు 1972లో అక్కడికి చేరేసరికి ఊళ్లో రాయల్స్ పేరుతో ఆ జట్టు అప్పటికే ఉంది. అందుకే వీళ్లు కింగ్స్ అయ్యారు.

ఈ సూత్రానికి మినహాయింపూ ఉంది. షార్లెట్ హార్నెట్స్ 2002లో న్యూ ఆర్లీన్స్ వెళ్లిపోయింది. 2004లో షార్లెట్‌లో బాబ్‌క్యాట్స్ అనే కొత్త క్లబ్బు వచ్చి, 2014లో హార్నెట్స్ పేరు తీసుకుంది. పేరుతో పాటు 1988–2002 నాటి షార్లెట్ రికార్డులు కూడా దానికే దక్కాయి. కాబట్టి కలం పట్టే ముందే, రికార్డులు ఎవరివని లీగు గుర్తిస్తోందో చూసుకోండి.

తర్వాత ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: యజమాని, ఊరు, పేరు, లీగు, అరీనా. ప్రతి గడికీ దాని తేదీలు దానికే రాయాలి. అన్నీ ఒకే రోజున మారాయని అనుకోవడం దగ్గరే సగం తప్పులు పుడతాయి. కింగ్స్‌కు ఊరు, పేరు గడులు కలిపి చూస్తే ఇలా వస్తాయి:

1945–57: రోచెస్టర్ రాయల్స్
1957–72: సిన్సినాటి రాయల్స్
1972–75: కాన్సస్ సిటీ–ఒమాహా కింగ్స్
1975–85: కాన్సస్ సిటీ కింగ్స్
1985 నుంచి: శాక్రమెంటో కింగ్స్

యజమాని గడి దీనితో కలవదు. శాక్రమెంటో వ్యాపారుల బృందం క్లబ్బును 1983లోనే కొంది, జట్టు ఊరు మారింది మాత్రం 1985లో. ఆ మధ్య రెండేళ్లు విడిగా చూపించకపోతే తరలింపు ఉన్నట్టుండి జరిగినట్టు కనిపిస్తుంది. పుట్టిన సంవత్సరం విషయంలోనూ ఇంతే జాగ్రత్త. రోచెస్టర్‌లో 1923లో సీగ్రమ్స్ అనే సెమీ ప్రొఫెషనల్ జట్టుగా మొదలైంది. ప్రొఫెషనల్ లీగులోకి వచ్చింది 1945లో. రెండు సంవత్సరాలూ ఇవ్వండి, ఏది దేనికో చెప్పండి.

అరీనా గడిలో ఇంకో గుంట ఉంది. శాక్రమెంటోలో ఆర్కో అరీనా అనే పేరు రెండు వేర్వేరు భవనాలకు ఉండేది. మొదటిది 1985లో తాత్కాలికంగా సర్దుకున్న 10,333 సీట్ల హాలు. రెండోది 1988లో తెరిచారు. ఆ రెండోదే తర్వాత పవర్ బ్యాలెన్స్ పెవిలియన్, ఆపైన స్లీప్ ట్రెయిన్ అరీనా అయింది. 2016 నుంచి ఆటలు గోల్డెన్ 1 సెంటర్‌లో జరుగుతున్నాయి. భవనానికి ఒక వరుస, పేర్లకు ఇంకో వరుస పెడితే పొరపాటు రాదు.

లీగు గడి అన్నిటికన్నా కీలకం. రాయల్స్ 1945లో చేరింది ఎన్‌బీఎల్ (నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్)లో. తొలి సీజనులోనే, 1946లో, ఛాంపియన్ అయింది. 1948లో మినియాపోలిస్ లేకర్స్ వంటి క్లబ్బులతో పాటు పోటీ లీగు బీఏఏ (బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా)లోకి మారింది. 1949 ఆగస్టులో రెండు లీగులూ కలిసి ఎన్‌బీఏ (నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్), అంటే ఇప్పటి లీగు అయ్యాయి. బీఏఏ సీజన్లను ఎన్‌బీఏ తన చరిత్రలో లెక్కవేసుకుంటుంది, ఎన్‌బీఎల్‌వి వేసుకోదు. కాబట్టి ‘రెండు ఎన్‌బీఏ టైటిళ్లు’ అని రాస్తే తప్పు. ‘ఒక ఎన్‌బీఏ టైటిల్, అంతకుముందు ఒక ఎన్‌బీఎల్ టైటిల్’ అనాలి. 1946 నాటి జట్టును పూర్తిగా వదిలేయడం కూడా అన్యాయమే. అల్ సెర్వీ, బాబ్ డేవిస్, రెడ్ హోల్జ్‌మన్ ఆడిన జట్టది.

ఆ ఒక్క ఎన్‌బీఏ టైటిల్ 1951 నాటిది. సీజను రాస్తే 1950–51, కప్పు రాస్తే 1951. ఈ రెంటినీ కలగాపులగం చేయకండి. ఫైనల్లో న్యూయార్క్ నిక్స్ మీద రాయల్స్ మొదటి మూడు ఆటలూ గెలిచి, తర్వాతి మూడూ ఓడింది. ఏప్రిల్ 21న ఏడో ఆటను 79–75తో గెలిచింది. ఇప్పటి పాఠకుడికి ఈ స్కోరు వింతగా ఉంటుంది కాబట్టి పక్కనే కారణం చెప్పాలి: 24 సెకన్ల లోపు బుట్టలోకి బంతి విసరాలనే షాట్ క్లాక్ నియమం వచ్చింది 1954లో. అప్పటిదాకా ఆధిక్యం ఉన్న జట్టు బంతిని ఎంతసేపైనా తన దగ్గరే ఉంచుకోవచ్చు.

అంకెల పట్టికలు వేసేటప్పుడు ఏ లెక్క ఎప్పుడు మొదలైందో దగ్గర పెట్టుకోండి. రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) 1950–51 నుంచి, స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ను అడ్డుకోవడం) 1973–74 నుంచి, మూడు పాయింట్ల షాట్ 1979–80 నుంచి. రాయల్స్ ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961–62లో ఆటకు సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు (సహ ఆటగాడి స్కోరుకు దారితీసిన పాసులు) సాధించాడు. అతని స్టీల్స్ గడిలో సున్నా వేస్తే అబద్ధమవుతుంది, గీత పెట్టాలి. సీజను నిడివి కూడా చూడాలి. 1998–99లో 50 ఆటలే, 2011–12లో 66 ఆటలే జరిగాయి. అలాంటి ఏళ్లను మొత్తం గెలుపులతో కాక శాతంతో పోల్చండి.

ఇక కథనం. గెలిచిన ఏళ్లకే పేజీలు కేటాయిస్తే ఈ క్లబ్బు అర్థం కాదు. రాయల్స్ ఆటగాడు మారిస్ స్టోక్స్ సంగతే చూడండి. 1956లో ఉత్తమ కొత్త ఆటగాడు. 1958 మార్చి 12న మినియాపోలిస్‌లో కిందపడి తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. తేరుకుని మళ్లీ ఆటలోకి దిగాడు. మూడు రోజుల తర్వాత డెట్రాయిట్‌లో ప్లేఆఫ్ (టైటిల్ కోసం సీజను చివర జరిగే నాకౌట్ దశ) ఆట కూడా ఆడాడు. తిరుగు విమానంలో కుప్పకూలాడు, శరీరమంతా చచ్చుబడిపోయింది. సహ ఆటగాడు జాక్ ట్వైమన్ చట్టపరంగా అతని సంరక్షకుడై, వైద్యం ఖర్చుకు డబ్బు కూడగట్టి, 1970లో స్టోక్స్ చనిపోయేదాకా కనిపెట్టుకుని ఉన్నాడు. చాలామంది దీన్ని చివర్న ‘విశేషాలు’ కింద రెండు వాక్యాల్లో తోసేస్తారు. అలా చేయకండి. 1958–59లో జట్టు 19 గెలిచి 53 ఎందుకు ఓడిందో, 1960లో రాబర్ట్‌సన్ రాక సిన్సినాటికి ఎంత ముఖ్యమో ఈ సంఘటన తెలియకపోతే బోధపడదు. స్టోక్స్ 12, ట్వైమన్ 27 నంబర్లను క్లబ్బు ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.

ఓటముల కాలానికీ చోటివ్వాలి. 2001–02లో 61 ఆటలు గెలిచి, కాన్ఫరెన్స్ ఫైనల్లో (అసలు ఫైనల్‌కు ముందరి దశలో) లేకర్స్ చేతిలో ఏడో ఆటలో ఓడిన జట్టు, 2006–07 నుంచి 2021–22 దాకా వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ఎన్‌బీఏలో అంత పొడవైన కరవు మరొకటి లేదు. ఆ మధ్యలోనే, 2013లో, జట్టును సియాటిల్ తరలించే ప్రతిపాదనను లీగు యజమానులు 22–8 ఓట్లతో తోసిపుచ్చారు. ముంబయిలో పుట్టిన వివేక్ రణదివె నాయకత్వంలోని బృందం క్లబ్బును తీసుకుంది. అప్పటి వార్తల్లోని సుమారు 53 కోట్ల డాలర్లు క్లబ్బు మొత్తం విలువ. కొన్నది 65 శాతం వాటా. విలువనే చెల్లించిన ధరగా రాయడం తరచూ జరిగే తప్పు.

మన పాఠకులు ఎలాగూ వెతికేది భారత సంబంధం, కాబట్టి అక్కడ మాటలు మరీ కచ్చితంగా ఉండాలి. ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు సిమ్ భుల్లర్. 2015 ఏప్రిల్‌లో కింగ్స్ తరఫునే దిగాడు, కానీ అతను పుట్టింది కెనడాలో. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్టులో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో) ఎంపికైన తొలి ఆటగాడు సత్నామ్ సింగ్. 2015లో తీసుకున్నది డల్లస్ మావెరిక్స్, రెగ్యులర్ సీజన్ ఆట ఒక్కటీ ఆడలేదు. ఈ ఇద్దరినీ ఒకే వాక్యంలో ‘తొలి భారతీయుడు’ అనేస్తే రెండూ తప్పే. ఇక 2019 అక్టోబరు 4, 5 తేదీల్లో ముంబయిలో ఇండియానా పేసర్స్‌తో కింగ్స్ ఆడిన రెండూ ప్రీ సీజన్ ఆటలు. రెండింటిలోనూ కింగ్స్ ఓడింది, మొదటిది ఓవర్‌టైమ్‌లో 132–131. వాటిని కథనంలో చెప్పండి, గెలుపోటముల పట్టికలో మాత్రం చేర్చకండి.