ఇంటి వంటను ఎవరైనా వండుకునేలా కాగితం మీద పెట్టడం ఎలా? నెల్లూరు చేపల పులుసు ఉదాహరణగా

‘ఉప్పు తగినంత, కారం సరిపడా, నూనె కొద్దిగా.’ హాస్టల్‌కో, పెళ్ళయి ఇంకో ఊరికో పోయిన పిల్లలు ఫోన్ చేసి వంట అడిగితే మనం చెప్పేది ఇంతే. వండటం వచ్చినవాళ్ళకి ఈ మాటలు చాలు. కానీ వండటం వచ్చినవాళ్ళు ఫోన్ చేసి అడగరు కదా!

చదివినవాళ్ళు చదివినట్టే వండుకోగలిగేలా ఇంటి వంటను రాసి పెట్టవచ్చు. దానికి పెద్ద భాష అక్కర్లేదు. వండేవాళ్ళ నోట వచ్చే మాటల్లో సరైనవి ఏరుకోవాలి, అంతే. ఇక్కడ నెల్లూరు చేపల పులుసును ఉదాహరణగా తీసుకుంటున్నాను. అందులో సరుకులు మామూలువే, కన్నూ ముక్కూ చేసే పని మాత్రం ఎక్కువ. ఒంగోలు వైపు గోంగూర పచ్చడికైనా, పప్పుచారుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. పొయ్యి పక్కన నిలబడండి

హాల్లో కూర్చోబెట్టి అడిగితే వండేవాళ్ళు గుర్తున్నదే చెబుతారు. చేతికి అలవాటైపోయిన పనులు వాళ్ళకి పనుల్లాగే తోచవు, అందుకని వదిలేస్తారు. వంట జరుగుతుండగా పక్కన ఉండి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి గట్టు మీద పెట్టండి. వీడియో వద్దు. వీడియో అనగానే మా అమ్మ చీర సర్దుకుని, యాస మార్చేసి, టీవీ వంటల ప్రోగ్రామ్‌లోలాగా ‘ఇప్పుడు మనం ఏం చేస్తామంటే’ అని మొదలుపెడుతుంది. మనకి కావలసింది ఆమె రోజూ మాట్లాడే మాట.

మధ్యమధ్యలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘అమ్మా, ఇప్పుడేం చూసి మంట తగ్గించావు?’ దానికి వచ్చే జవాబే వంట. దాన్ని మాట మార్చకుండా రాసుకోండి.

2. చేతి కొలతను తూకంలోకి మార్చండి

ఆమె చేతికి స్పూను ఇవ్వకండి. చెయ్యి తడబడి ఆ పూట కూర చెడితే నింద మన మీదికే వస్తుంది. వంటింటి కాటా ఒకటి ఉంటే చాలు. ఉప్పు డబ్బాను వంటకు ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తూచండి. ఆ తేడానే వంటకు పట్టిన ఉప్పు. కారం డబ్బా, నూనె సీసా కూడా అంతే. ఉప్పు మెత్తటిదా, రాళ్ళ ఉప్పా అన్నది తప్పకుండా రాయండి. స్పూనుతో కొలిస్తే మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది.

‘నిమ్మకాయంత చింతపండు’ అని రాయబోతున్నారా? గూడూరు నిమ్మ మార్కెట్‌కి ఒకసారి వెళ్ళి చూడండి, నిమ్మకాయల్లో ఎన్ని సైజులు ఉంటాయో తెలుస్తుంది. గింజ తీసిన చింతపండు ఇన్ని గ్రాములు అని రాయండి. కొత్తదా పాతదా అన్నది కూడా చేర్చండి, పాత చింతపండు వేస్తే పులుసు నల్లగా వస్తుంది.

మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, నాయనమ్మల బియ్యం డబ్బాలో సోల, గిద్ద అట్లాగే ఉన్నాయి. వాటిని తీసేయక్కర్లేదు. మీ ఇంటి సోల నిండా నీళ్ళు పోసి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో పక్కన రాసేస్తే సరిపోతుంది. బియ్యం సంగతి వచ్చినప్పుడు రకం పేరు, కొత్తవో పాతవో రాయకుండా ‘రెండు గ్లాసుల నీళ్ళు’ అంటే మాత్రం లాభం లేదు. పాత బియ్యం తాగినన్ని నీళ్ళు కొత్త బియ్యానికి పోస్తే అన్నం ముద్దవుతుంది.

కారానిదీ ఇదే కథ. గుంటూరు కారంతో రాసిన కొలతను బెంగళూరులో ఉన్న అమ్మాయి బ్యాడిగి కారంతో చేస్తే రంగు బ్రహ్మాండంగా వస్తుంది, ఘాటు మాత్రం ఉండదు.

3. ‘వేయించాలి’, ‘ఉడికించాలి’ దగ్గర ఆగకండి

అసలు పని ఇక్కడే ఉంది. వండేవాళ్ళ నోట ఎన్ని మాటలున్నాయో చూడండి: చిటపటలాడటం, దోరగా వేగడం, ఎర్రగా వేగడం, మగ్గడం, కుతకుత ఉడకడం, తెర్లడం, దగ్గరపడటం, నూనె తేలడం. ఇవి ఒకదానికి బదులు ఇంకోటి వాడుకునే మాటలు కావు. ఎర్రగడ్డలు మగ్గాయంటే మెత్తబడి, నిగనిగలాడి, రంగు పెద్దగా మారలేదని అర్థం. ఎర్రగా వేగాయంటే అంచులు ముదురు రంగుకి తిరిగి తీపి వాసన వస్తోందని. పులుసుకి మగ్గితే చాలు. ‘వేయించాలి’ అని మాత్రమే రాస్తే చదివినవాళ్ళు బిర్యానీకి వేయించినట్టు వేయించి కూర్చుంటారు.

మెంతులు ఇంకా ఘోరం. ‘మెంతులు వేయించి పొడి కొట్టాలి’ అని మనం తేలిగ్గా రాసేస్తాం. సన్నమంట మీద అవి గోధుమ రంగుకి తిరిగి కమ్మటి వాసన రాగానే దించేయాలి. దించడమంటే పొయ్యి ఆపడం కాదు, వేరే ప్లేటులోకి ఒంపడం. బాణలి వేడికి అవి వేగుతూనే ఉంటాయి, మాడితే పులుసంతా చేదు. ఈ రెండు వాక్యాలు అదనంగా రాయడానికి బద్ధకించకండి.

‘కాసేపు మరగనివ్వాలి’ అనే మాటను మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ అనదు. ‘పచ్చి వాసన పోయి, నూనె అంచులకి తేలినాక ముక్కలెయ్’ అంటుంది. ఇందులో ముక్కుకి ఒక గుర్తు, కంటికి ఒక గుర్తు ఉన్నాయి. చింతపండు, కారం పచ్చి వాసన పోయిందా లేదా అనేది గిన్నె మీద మొహం పెట్టి పీల్చితే ఎవరికైనా తెలుస్తుంది. నీరు ఇగిరి పులుసు చిక్కబడేకొద్దీ నూనె విడిపోయి పైకి వస్తుంది. ఆ మాటను ఉన్నదున్నట్టు రాయండి, దానికి మెరుగులు అనవసరం.

ఇంటి మాటల్ని కూడా ఉంచండి. మనం ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, తిరగమోత అంటాం. వేరే జిల్లావాళ్ళు చదువుతారనుకుంటే మొదటిసారి మాత్రం పక్కన ఉల్లిపాయలు, వెల్లుల్లి, పోపు అని చేర్చండి.

4. జాగ్రత్త ముందు, పని తర్వాత

‘చేప ముక్కలు వేసి పది నిమిషాలు ఉడికించాలి. గరిటెతో కలపకూడదు.’ ఈ రెండు వాక్యాల మధ్య ఫుల్‌స్టాప్ దగ్గరే ముక్కలు చెదిరిపోతాయి. వంట చేస్తూ చదివేవాళ్ళు ఒక వాక్యం చదివి పని చేసేస్తారు, తర్వాతే రెండోది చూస్తారు. కాబట్టి ముందు ‘ఇక్కణ్ణించి గిన్నెలో గరిటె పెట్టకండి’ అని రాసి, ఆ తర్వాత ముక్కలు వేయమని రాయండి.

నానబెట్టేవి మొట్టమొదటి వరసలో ఉండాలి. పొయ్యి వెలిగించాక ‘ఇరవై నిమిషాలు నానబెట్టిన చింతపండు రసం’ అని చదివితే ఎవరికైనా టెన్షనే.

5. టైము రాయండి, కానీ గుర్తు తర్వాతే

మీ గ్యాస్ మంట, వాళ్ళ ఇండక్షన్ ఒకటి కావు. మట్టి దాక పొయ్యి ఆపాక కూడా చాలాసేపు ఉడికిస్తూనే ఉంటుంది, స్టీలు గిన్నె తొందరగా చల్లారుతుంది. గుర్తు ముందు రాసి, టైమును అంచనాగా పక్కన పెట్టండి. కుక్కర్ విజిల్స్ లెక్క కూడా నమ్మదగ్గది కాదు. మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద ఎన్ని నిమిషాలు ఉంచాలో రాస్తే మేలు.

6. పొగడ్తలు కొట్టేయండి

నోరూరించే, ఘుమఘుమలాడే, అద్భుతమైన. ఇవి వండేవాళ్ళకి ఏ పనీ చెప్పవు. రుచి సంగతి తిన్నవాళ్ళు చెప్పుకుంటారు.

7. వండటం రానివాళ్ళకి ఇచ్చి చూడండి

కాగితం చేతికిచ్చి మీరు నోరు మూసుకుని కూర్చోండి. ఇది కష్టమే. వాళ్ళు ఎక్కడ ఆగి ‘అత్తా, ఎంత ఎర్రగా?’ అని అడుగుతారో అక్కడ మీ వాక్యం సరిగా లేదని తెలుసుకోండి. జవాబు వాళ్ళకి నోటితో చెప్పి ఊరుకోకుండా అదే వాక్యంలో చేర్చండి.

ఇన్ని చేశాక మా ఇంటి పులుసు కాగితం ఇలా తేలింది. కిలో కొర్రమీను ముక్కలకి కొలత ఇది.

గింజ తీసిన చింతపండు 40 గ్రాములు గోరువెచ్చటి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టండి. మామిడికాయ దొరకని రోజుల్లో 50 గ్రాములు. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెట్టండి. అర టీస్పూను మెంతులు, ఒక టీస్పూను జీలకర్ర పైన చెప్పినట్టు వేయించి పొడి చేయండి.

వెడల్పాటి దాకలో 100 మిల్లీలీటర్ల నూనె కాగాక ఆవాలు వేసి, చిటపట ఆగాక కరివేపాకు, చీల్చిన 5 పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన 2 ఎర్రగడ్డలు వేయండి. అవి మెత్తబడాలి, ఎర్రబడకూడదు. టేబుల్ స్పూను అల్లం తెల్లగడ్డ ముద్ద వేసి, దాని ఘాటు తగ్గాక 2 టమాటాలు వేసి గుజ్జయ్యేదాకా మగ్గించండి. మంట తగ్గించి గుంటూరు కారం 2 టేబుల్ స్పూన్లు, ధనియాల పొడి 1 టేబుల్ స్పూను వేసి ఒక్కసారి తిప్పండి. కారం మాడకముందే చింతపండు రసం, నీళ్ళు కలిపి 600 మిల్లీలీటర్లు పోయండి. ఉప్పు ఇప్పుడే చూడండి, ముక్కలకి పట్టించిన ఉప్పును గుర్తుపెట్టుకుని కాస్త తక్కువ ఉంచండి.

పచ్చి వాసన పోయి, నూనె అంచులకి తేలేదాకా మరగాలి, సుమారు 12 నిమిషాలు. ఒక పుల్లటి మామిడికాయను టెంకతో సహా ముక్కలు కోసి వేసి, సగం ఉడకనివ్వండి.

ఇక్కణ్ణించి గరిటె పెట్టకండి. చేప ముక్కలు ఒక్కొక్కటే పులుసులో మునిగేలా పేర్చండి. కలపాలనిపిస్తే గుడ్డతో దాక అంచులు రెండు పక్కలా పట్టుకుని మెల్లగా తిప్పండి. (అమ్మ మాటల్లో ‘కలపబాక, ముక్క చెదిరిపోద్ది’. ఈ వాక్యాన్ని మాత్రం కాగితంలో అట్లాగే ఉంచాను.) ముక్క తెల్లబడి, వేలితో తడితే ముల్లు నుంచి కండ విడిపోయేలా ఉంటే ఉడికినట్టు. కొర్రమీనుకి 8 నుంచి 10 నిమిషాలు, వంజరం లాంటి సముద్రం చేపకి ఇంకాస్త తక్కువ.

మెంతిపొడి పైన చల్లి, కొత్తిమీర వేసి పొయ్యి ఆపండి. వెంటనే వడ్డించకండి, ముక్కకి పులుపు పట్టడానికి రెండు మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం వండితే రాత్రి అన్నంలోకి. రాత్రి వండితే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వేడి చేసుకుని దోసెలోకి.