పంటి మచ్చను చదవడం – 3వ పాఠం: వంశం నుంచి వచ్చిందా, పెరిగే వయసులో పడిందా?

పంటి మీది గట్టి పైపొర అయిన ఎనామెల్‌ను తయారుచేసే కణాలు, పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే నశించిపోతాయని కిందటి పాఠంలో చెప్పుకున్నాం. ఈ పాఠమంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎనామెల్ అడుగున ఉండే పొర డెంటిన్ కూడా లోపలి వైపు కొద్దికొద్దిగా ఏర్పడుతూనే ఉంటుంది; ఎనామెల్‌లో మాత్రం అది తయారయ్యే రోజుల్లో జరిగిన లోపం ఆ చోటనే, ఆ ఎత్తులోనే, ఆ పన్ను ఉన్నంతకాలం నిలిచిపోతుంది. అందువల్ల మచ్చ ఏయే పళ్ల మీద, ఏ ఎత్తులో ఉందో చూడగలిగితే అది ఏ వయసులో పడిందో చాలావరకు చెప్పవచ్చు.

మన ప్రాంతంలో ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు) ఉన్నట్టు 1937లోనే వైద్య పత్రికకు ఎక్కింది. నల్గొండ బాధ లోకమెరిగినదే. దాంతో పంటి మీద గోధుమరంగు కనబడితే చాలు, ‘ఫ్లోరైడ్ నీళ్లు’ అని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ‘గార పళ్లు’ అనే ఒక్క మాట కింద కనీసం అరడజను వేరువేరు లోపాలు కలిసిపోతున్నాయి. సరిగా తోముకోవడం లేదని పిల్లలు తిట్లు తినడం, ఇటుక పొడితోనో బొగ్గుతోనో రుద్దించి ఉన్న పలుచని ఎనామెల్‌ను కూడా అరగదీయడం ఈ గందరగోళం వల్లనే జరుగుతున్నాయి.

పరీక్షకు పగటి వెలుతురు, చిన్న టార్చి, శుభ్రమైన మెత్తని గుడ్డ చాలు. ముందు పంటిని తుడవాలి. గార, టీ, కిళ్లీ మరకలు పైపై పూతలు. అవి మన లెక్కలోకి రావు. చిగురు వెంబడి సుద్దలాంటి తెల్లని గీత ఉండి, దాని మీద పాచి పేరుకుని ఉంటే అది నిర్మాణ లోపం కాదు, పిప్పికి మొదటి మెట్టు.

ఇక మొదటి ప్రశ్న: ఎన్ని పళ్లకు ఉంది? ఒకే ఒక్క శాశ్వత దంతానికి గుంటో, పసుపు మచ్చో ఉంటే, ఆ చోట ఉన్న పాలపన్ను చీము పట్టిందా, పిల్లవాడు చిన్నప్పుడు ముఖం మీద పడ్డాడా అని అడగాలి. పాలపంటి వేరు కొనకు వచ్చిన చీము గానీ, తగిలిన దెబ్బ గానీ దాని అడుగున తయారవుతున్న పంటిని చెడగొడుతుంది.

రెండో ప్రశ్న మచ్చ ఎత్తు గురించి. అసలు నేర్పు ఇక్కడే ఉంది. శాశ్వత దంతం అంచు నుంచి చిగురు వైపుకు పొరలు పొరలుగా ఏర్పడుతుంది. మొదటి పెద్ద దవడపన్ను దాదాపు పుట్టిన వేళకు, పై మధ్య పళ్లు మూడు నాలుగు నెలలకు, కోరపళ్లు నాలుగైదు నెలలకు గట్టిపడడం మొదలుపెడితే, మధ్య పళ్ల పక్కనుండే పై పళ్లు మాత్రం పది పన్నెండు నెలల దాకా మొదలుపెట్టవు. ఒక బాలుడికి పై మధ్య పళ్ల అంచు దగ్గర అడ్డంగా పల్లపు గీత, కోరపళ్ల మొనల మీద గుంటలు ఉండి, ఆ పక్కపళ్లు నున్నగా ఉన్నాయనుకుందాం. ఏడాది నిండకముందే, సుమారు ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, బిడ్డకు తీవ్రమైన జబ్బో పోషణ లోపమో వచ్చి ఉండవచ్చునని మనం అనుమానించాలి. తల్లి జ్ఞాపకంతోనూ, టీకాల కార్డుతోనూ సరిచూసుకోవాలి.

ఫ్లోరోసిస్‌కు ఇలాంటి ఒంటి గీత ఉండదు. అది కుడిఎడమల జంటపళ్లకు ఒకే తీరుగా, హద్దు తెలియని సన్నని తెల్లని గీతలుగా, మబ్బుగా పరుచుకుంటుంది. గోధుమరంగు పన్ను వచ్చిన తరువాత ఎక్కుతుంది. పాలపళ్లకు సాధారణంగా తక్కువగానే ఉంటుంది. దీనికి భిన్నంగా, తెల్లగానో పసుపుగానో స్పష్టమైన హద్దుతో మచ్చలుండి, అవి మొదటి పెద్ద దవడపళ్లకూ ముందు పళ్లకూ పరిమితమై, చల్లని నీరు తగిలితే జివ్వుమంటుంటే, అది వేరే లోపం. ఆ దవడపళ్లు త్వరగా పెళుసుగా విరిగిపోతాయి కాబట్టి ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. చిన్నతనంలో టెట్రాసైక్లిన్ మందు వాడిన పళ్లలో పసుపు, బూడిదరంగు పట్టీలు కనిపిస్తాయి.

మూడో ప్రశ్న: పాలపళ్లు ఎలా ఉండేవి, రక్తసంబంధీకుల పళ్లు ఎలా ఉన్నాయి? వంశపారంపర్య ఎనామెల్ లోపం రెండు దంతవరుసల్లోనూ, దాదాపు అన్ని పళ్లకూ కనిపిస్తుంది. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటే మగపిల్లల పళ్లు మొత్తంగా చెడిపోతాయి, ఆడపిల్లల పళ్ల మీద మాత్రం నిలువు చారలు పడతాయి. తండ్రి నుంచి కొడుకుకు అది రాదు. తల్లిదండ్రులిద్దరి పళ్లూ బాగున్నంత మాత్రాన వంశలోపం కాదనలేము, మేనరికమైతే మరీ. డెంటిన్ లోపమైతే పళ్లు తేనెరంగులోనో నీలిబూడిద రంగులోనో మెరుస్తూ, ఎనామెల్ పెచ్చులుగా ఊడిపోతుంది. ఆ బిడ్డకు ఎముకలు తరచుగా విరుగుతున్నాయా, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉందా అని తప్పక చూడాలి.

అన్నదమ్ములను పోల్చడం కూడా మంచి పరీక్ష. కృష్ణా నీరు కుళాయికి వచ్చాక పుట్టిన తమ్ముడి పళ్లు తెల్లగా, బోరు నీరు తాగి పెరిగిన అన్న పళ్లు మచ్చలుగా ఉంటే నీటినే అనుమానించాలి.

అభ్యాసం: ఈ కుటుంబం ఊహించినది. పదకొండేళ్ల అమ్మాయి పళ్లన్నింటి మీదా నిలువు చారలున్నాయి. ఆమె తమ్ముడి పళ్లు, పాలపళ్లతో సహా, పలుచగా పచ్చగా ఉన్నాయి. తండ్రి పళ్లు బాగున్నాయి. ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే అనుమతించిన 1.5 కంటే ఎక్కువ. నీటిని తప్పుపట్టే ముందు మీరు ఇంకెవరి నోరు చూడాలి, అందులో ఏం వెతకాలి? జవాబు కాగితం మీద రాసి ఉంచుకోండి. 4వ పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెడదాం.