తినలేకపోతున్న బిడ్డకు చికిత్సా బృందాన్ని కూడగట్టుకోవడం ఎలా

అన్నం గిన్నె కనబడగానే ముఖం తిప్పేసుకునే బిడ్డను "మారాం చేస్తున్నాడు" అనేయడం తేలిక. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు కూడా. అయితే వయసుకు తగినంత ఆహారం నోటితో తీసుకోలేకపోవడం కనీసం 2 వారాలపాటు కొనసాగి, దానితోపాటు జబ్బు గాని, పోషకాహార లోపం గాని, నమిలి మింగే నైపుణ్యంలో వెనకబాటు గాని, భోజనం చుట్టూ మానసిక ఒత్తిడి గాని ఉంటే దాన్ని ప్రత్యేక సమస్యగా గుర్తించాలని 2019లో వివిధ రంగాల నిపుణులు కలిసి నిర్వచించారు. ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్ని మంట పుట్టిన పసివాడు పాలను తోసేస్తాడు. పెద్దలు కంగారుపడి బలవంతంగా తాగిస్తారు. వాడికి చెంచా అంటేనే బెదురు పుడుతుంది. జావ తప్ప మరేదీ పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. ఈలోగా నమలడం నేర్చుకోవలసిన నెలలు గడిచిపోతాయి. ఏడాది తిరిగేసరికి మంట తగ్గినా బిడ్డ తినడు. మంటకు మందిచ్చే డాక్టరు ఒక్కరే అప్పటికి సరిపోరు.

ముందుగా తేల్చుకోవలసింది ఎంత తింటున్నాడన్నది కాదు, తిన్నది సరైన దారిలో వెళుతోందా అన్నది. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నవ్వి నెత్తిమీద తట్టడం మన అలవాటు. కానీ తాగిన ప్రతిసారీ పొలమారుతున్నా, తిన్న తర్వాత గొంతు గరగరలాడుతున్నా, నెమ్ము పదేపదే చేస్తున్నా, పాలు తాగేటప్పుడు చెమటలు పట్టి ఆయాసపడుతున్నా, బరువు పెరగడం ఆగిపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. పెదాలు నీలంగా మారితే అది అత్యవసర పరిస్థితి. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్నవారిలో, ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. కాబట్టి దగ్గడం లేదన్న ధీమా పనికిరాదు. పరీక్ష పూర్తయ్యేదాకా బిడ్డను కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం మానేసి, వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి వంగి ఉండేలా కూర్చోబెట్టాలి.

పిల్లల డాక్టరు గొంతు, గుండె, అలర్జీ, మలబద్ధకం, రక్తహీనత వంటి కారణాలను వెతుకుతారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడాది దాటిన పిల్లలకు "అన్నం తినడం లేదు, పాలైనా తాగనీ" అని రోజుకు అర లీటరుకు మించి పాలు పట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. పాలతో కడుపు నిండుతుంది గాని ఇనుము అందదు, ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది. అలాంటప్పుడు పాలు తగ్గించి, డాక్టరు సూచించిన ఐరన్ మందు వాడడంతోనే సగం సమస్య తీరవచ్చు.

తర్వాతి నిపుణులలో ఎక్కువ మందికి అర్థం కానిది స్పీచ్ థెరపిస్టు పాత్ర. మాటలు వచ్చిన పిల్లవాడికి ఆమెతో పనేమిటని అడుగుతారు. మాటకు వాడే పెదాలు, నాలుక, దవడ, గొంతు కండరాలే గుటక వేయడానికీ కావాలి గనుక మింగడాన్ని పరీక్షించే శిక్షణ ఆ వృత్తిలో భాగం. అవసరమైతే ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగుతుండగా తీసే వీడియో ఎక్స్‌రేకు పంపమని ఆమే సూచిస్తారు. కూర్చునే భంగిమ, తల నిలిపే ఆధారం, చేతికి అంటితేనే జంకే స్వభావం వంటివి ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఎలా అందించాలో డైటీషియన్, భోజనం పట్ల పాతుకుపోయిన భయాన్ని సైకాలజిస్టు చూసుకుంటారు.

వీరందరూ ఒకే గదిలో కూర్చునే ఆసుపత్రులు మన దగ్గర అరుదు. అయినా వెతకడానికి చోట్లున్నాయి. 2013లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసిన డీఈఐసీ, అంటే సత్వర చికిత్స కేంద్రం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా సేవలందించేందుకు ఉద్దేశించినది. పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు అక్కడ ఉండాలన్నది దాని రూపకల్పన. వెళ్లే ముందు ఏ పోస్టులు భర్తీ అయ్యాయో కనుక్కోవడం మంచిది. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ ఉంది.

బృందం ఒక్కచోట లేనప్పుడు దాన్ని కలిపి ఉంచేది ఒక నోటుపుస్తకం. అందులో వరసగా 3 రోజులపాటు ఏది, ఎంత, ఎన్ని నిమిషాల్లో తిన్నాడు, ఎక్కడ పొలమారింది, ఎప్పుడు ఓకరించాడు అన్నవి రాయాలి. అంగన్‌వాడీలో తూచిన బరువులు తేదీలతో సహా ఎక్కించాలి. మామూలుగా తినే పూట ఒక వీడియో తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే క్లినిక్‌లో కొత్త మనుషుల ముందు పిల్లలు ఇంట్లోలాగా తినరు. ప్రతి నిపుణుడూ తన సలహాను అదే పుస్తకంలో రాయాలని అడగాలి. ఒకరు "రోజుకు ఆరుసార్లు పెట్టండి" అని, మరొకరు "ఒత్తిడి తగ్గించండి" అని చెప్పినప్పుడు ఆ రెండింటి మధ్య నలిగిపోకుండా, రెండు పేజీలూ పిల్లల డాక్టరు ముందు పెట్టి, ఈ నెలకు ఏది ముఖ్యమో తేల్చమని అడగాలి. నా దృష్టిలో వరస ఇది: ముందు భద్రత, ఆపైన బరువు, తర్వాత నైపుణ్యం, చివరన అలవాట్లు. ఒక నెలకు ఒకే లక్ష్యం చాలు.

ఇంట్లో రెండు పూటల మధ్య రెండున్నర, మూడు గంటలు ఖాళీ ఉంచి, మధ్యలో నీళ్లు తప్ప మరేమీ ఇవ్వకుండా, భోజనాన్ని 30 నిమిషాల్లో ముగించాలి. బరువు బాగా తక్కువున్న బిడ్డకు ఈ వేళలను డైటీషియన్ నిర్ణయించాలి. ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం. ఈ మాట నాయనమ్మకూ, అమ్మమ్మకూ, ఫోన్ చూపించి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టే బాబాయికీ ఒకేసారి చెప్పి ఒప్పించాలి. కొత్త పదార్థాన్ని ఒప్పుకోవడానికి 10, 15 సార్లు రుచి చూపవలసి రావచ్చు.

గట్టిదనం పెంచడంలో మాత్రం తొందరపడకూడదు. మిక్సీ పట్టిన పప్పన్నం నుంచి పప్పుగుత్తితో మెదిపినదానికి, దాన్నుంచి చేత్తో పిసికినదానికి, ఆ తర్వాత నెయ్యి రాసిన మెత్తని ఇడ్లీ ముక్కకు థెరపిస్టు చెప్పిన క్రమంలో వెళ్లాలి. పలుచగా ఉందని చారన్నం, మజ్జిగన్నం ముందు పెట్టడం పొరపాటు. నీరు ముందే గొంతులోకి జారిపోయి మెతుకులు నోట్లో మిగిలిపోతాయి గనుక మింగడం రాని బిడ్డకు అదే అన్నిటికన్నా కష్టం.

ఇంత చేసినా బరువు పెరగకపోతే ముక్కు ద్వారా గొట్టం వేయాలని డాక్టరు అనవచ్చు. దాన్ని ఓటమిగా తీసుకోకండి. మింగడం సురక్షితమని థెరపిస్టు చెప్పినప్పుడు, గొట్టంతో పాలు వెళుతున్న సమయంలోనే చెంచా కొనకు అంటిన పప్పునీళ్లో పెరుగో నాలుకకు తాకిస్తూ ఉంటే, గొట్టం తీసే నాటికి నోరు తిండిని మరిచిపోకుండా ఉంటుంది.