మొదటి రోజు క్లాసుకు వెళ్లే ముందు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు తొలి పాఠం చెప్పబోయే అధ్యాపకులు చూసుకోవలసినవి:

• ముందురోజే గది చూసి రండి. బెంచీలు నేలకు బిగించి ఉంటే గుంపులుగా కూర్చోబెట్టడం కుదరదు. పక్కవారితో జంటగా మాట్లాడించే పనే పెట్టుకోండి.

• ర్యాంకు, ఇంటర్ మార్కులు అందరి ముందు అడగవద్దు. వెనక బెంచీల వారు ఎవరో ఆ క్షణమే ఖాయమైపోతుంది.

• ఒక మంచి ప్రశ్న సిద్ధం చేసుకోండి. భౌతికశాస్త్రమైతే, స్విచ్ ఆపేశాక కూడా ఫ్యాను కాసేపు ఎందుకు తిరుగుతుంది? ముందు ఎవరికి వారు రెండు వాక్యాలు రాయాలి, తర్వాత పక్కవారితో పోల్చుకోవాలి, ఆ తర్వాతే పైకి చెప్పాలి. ఇది 1981లో అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ చెప్పిన పద్ధతి. అరవై మంది చేత వరుసగా పరిచయాలు చెప్పించడం కన్నా వెయ్యి రెట్లు నయం.

• అడిగాక కనీసం మూడు సెకన్లు ఆగండి. సాధారణంగా ఉపాధ్యాయులు ఒక్క సెకనుకే మళ్లీ మాట అందుకుంటారని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, భరించండి.

• తెలుగులో జవాబు చెప్పినా సరేనని ముందే చెప్పేయండి.

• కౌన్సెలింగ్ చివరి విడతలో చేరేవారు ఇంకా రాలేదు. శాశ్వత జట్లు అప్పుడే వేయకండి.

• సిలబస్ కాగితం చివరి అయిదు నిమిషాలకు.